తక్కెడ ముల్లు ఎటు మొగ్గింది?



పోయిన కోతకాలంలో ఒక సాయంకాలము, గృహ ప్రార్థన ముగిసిన తరువాత, మా సంఘములోని ఒక సహోదరుడు మమ్మల్ని పక్కకు పిలిచి నెమ్మదిగా ఒక మాట అడిగాడు. ఆయన ఊళ్లో కిరాణా కొట్టు నడుపుతాడు. కోతల రోజుల్లో రైతుల దగ్గర ధాన్యము కొని మిల్లుకు తోలుతాడు.

"అయ్యగారూ, బస్తాకు రెండు కిలోలు తరుగు తీయడము పాపమంటారా? ఇక్కడ కొనేవాళ్లందరూ తీస్తున్నారు. నేనొక్కణ్ణే మానేస్తే నాకు మిగిలేదేముంది?"

మేము వెంటనే జవాబు చెప్పలేకపోయాము. కారణము దాచకుండా చెబుతాము. అంతకు ముందటి కోత పండుగలో అందరికంటె పెద్ద కానుక ఇచ్చినది ఆయనే. మందిరానికి ఫ్యాన్లు ఆ కానుకతోనే కొన్నాము. బల్ల మీద దానిని పెట్టి ప్రార్థించిన రోజున, ఈ డబ్బు ఏ కాటా మీద తూగి వచ్చిందని మేము అడగలేదు. "ప్రార్థన చేద్దాము బాబూ" అని తప్పించుకొని ఇంటికి వచ్చాము. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఆయన కాటా మీదికి వచ్చే బస్తాలలో మా సంఘపు కౌలు రైతులవి కూడ ఉన్నవి. నలభై కిలోల బస్తాకు రెండు కిలోలంటే, నూరు బస్తాలకు రెండు వందల కిలోలు. అనగా ఐదు బస్తాల ధాన్యము ఊరికే పోయినట్లు.

మన దేశములో తూనికలకు, కొలతలకు చట్టమున్నది. 1956లో వచ్చిన చట్టముతో వీశెలు, మణుగులు పోయి కిలోలు వచ్చాయి. ఇప్పుడు అమలులో ఉన్నది 2009 నాటి చట్టము. అది 2011 ఏప్రిల్ 1 నుండి అమలుకు వచ్చినది. దాని నియమముల ప్రకారము తూకపు రాళ్లకు, తక్కెడకు రెండేళ్లకొకసారి, ఎలక్ట్రానిక్ కాటాకు ఏటేటా తూనికలు కొలతల శాఖ చేత పరీక్ష చేయించి ముద్ర వేయించుకోవాలి. ప్యాకెట్టు మీద అచ్చువేసిన గరిష్ఠ ధరలో పన్నులన్నీ కలిసే ఉంటాయి. అంతకు మించి తీసుకోరాదు. కూల్‌డ్రింకును ఫ్రిజ్జులో పెట్టామని రెండు రూపాయలు కలపడము కూడ తప్పే. కొన్న వస్తువులో మోసపోయిన వారు 1915 నంబరుకు ఫోను చేసి ఫిర్యాదు చెప్పుకోవచ్చును.

కొందరు విశ్వాసులు, "మనము కృపలో ఉన్నాము, ఈ లోకపు కాగితాలతో మనకేమి పని?" అంటారు. రోమా పత్రిక 13వ అధ్యాయము చదివినవారు అలా అనలేరు. లైసెన్సు లేకుండా కొట్టు పెట్టడము, అడిగినా బిల్లు ఇవ్వకపోవడము, ముద్ర లేని రాళ్లతో తూచడము భక్తి కాదు. పొరుగువానికి రక్షణగా పెట్టిన కంచెను పీకివేయడమే.

మరికొందరున్నారు. వారి కాటాకు ముద్ర ఉంటుంది, బిల్లు పుస్తకము ఉంటుంది. కాని విత్తనాలకు, ఎరువులకు అప్పు ఇచ్చేటప్పుడే "పంట నాకే తోలాలి" అని మాట తీసుకుంటారు. పంట వచ్చాక మార్కెట్టు కంటె తక్కువ ధర కడతారు. అప్పున్న రైతు నోరెత్తలేడు. కాటాలో ముల్లు సరిగానే నిలిచినది. మనిషి మీద మాత్రము బరువు మొగ్గినది. ఇన్‌స్పెక్టరు ఆ బరువును చూడలేడు. దేవుడు చూస్తాడు.

మోషే ధర్మశాస్త్రము ఈ సంగతిని చిన్నదిగా ఎంచలేదు. ఒకే సంచిలో పెద్ద రాయి ఒకటి, చిన్న రాయి ఒకటి పెట్టుకొని తిరుగవద్దని ద్వితీయోపదేశకాండము 25వ అధ్యాయములో ఉన్నది. కొనేటప్పుడు ఒకటి, అమ్మేటప్పుడు మరొకటి అన్నమాట. ఆమోసు ప్రవక్త కాలములో వర్తకులు విశ్రాంతిదినము ఎప్పుడు అయిపోతుందా, కొట్టు ఎప్పుడు తెరుద్దామా అని ఎదురుచూచేవారు. కుంచము చిన్నది చేసి, రాయి బరువు చేసి, తాలు కూడ బీదలకే అమ్మేవారు. వారు ఆరాధన మానలేదు. ఆరాధనలో కూర్చొని లెక్కలు వేసుకున్నారు. ఈ మాట మన ఆదివారములకు తగలదా?

బాప్తిస్మమిచ్చు యోహాను వద్దకు సుంకరులు వచ్చి ఏమి చేయవలెనని అడిగినప్పుడు, నిర్ణయించిన దానికంటె ఎక్కువ వసూలు చేయవద్దని చెప్పాడు (లూకా 3వ అధ్యాయము). అది మొదటి మెట్టు. జక్కయ్య ఇంకా పైకి వెళ్లాడు. తన తప్పు తాను ఒప్పుకొన్నవాడు సొమ్ముకు అయిదవ వంతు కలిపి తిరిగి ఇవ్వాలని సంఖ్యాకాండము 5వ అధ్యాయము చెబుతుంది. జక్కయ్య నాలుగంతలు ఇస్తానన్నాడు, ఆస్తిలో సగము బీదలకు అన్నాడు. చట్టము ఎంతవరకు అడిగినదో అక్కడ అతడు ఆగలేదు. యేసు తన ఇంటికి వచ్చిన తరువాత, మోసపోయినవారి ముఖాలు అతనికి కనబడినవి.

పదిహేడవ శతాబ్దములో ఇంగ్లండులో జార్జి ఫాక్స్ అనుచరులైన క్వేకర్లు బేరములు మానివేసి అందరికీ ఒకే ధర చెప్పసాగారు. ఏ చట్టమూ వారిని అలా చేయమనలేదు. మొదట గిరాకీ పడిపోయినది. తరువాత, చిన్నపిల్లను పంపినా మోసము జరగదని జనము వారి కొట్లకే రాసాగారు.

వారము తిరగకముందే మేము ఆ సహోదరుని ఇంటికి మళ్లీ వెళ్లాము. ముందు మా తప్పు ఒప్పుకొన్నాము. "నీ కానుక చూచి మా నోరు మూతపడింది బాబూ. మమ్మల్ని క్షమించు" అన్నాము. తరువాత వాక్యము చూపించాము. ఆయన చాలసేపు వాదించాడు. చివరికి ఆయన భార్య మాట్లాడింది. "ఏవండీ, మా నాన్న కాటా దగ్గర ఏమీ అనలేక ఇంటికొచ్చి, అన్నము ముట్టకుండా పడుకొన్న రోజులు నాకు తెలుసు" అన్నది. ఆయన ఇంకేమీ అనలేదు.

ఈ సంవత్సరము ఆయన ఖాళీ గోనె తూచి అంతే తగ్గిస్తున్నాడు. తేమ ఉంటే మీటరు రైతుకు చూపించి మరీ లెక్క కడుతున్నాడు. బరువు, ధర చీటీ మీద వ్రాసి ఇస్తున్నాడు. కాని తరుగు మానినందుకు ధర కొంచెము తగ్గించి చెప్పవలసి వచ్చినది. "అవతల ఎక్కువ ఇస్తున్నారు" అని కొందరు రైతులు వెళ్లిపోయారు. అక్కడ ఎక్కువ ఇచ్చినట్టే ఇచ్చి కాటా దగ్గర లాగుకుంటారని వారికి తెలియక కాదు. పైకి కనబడే అంకె మనిషిని అలా లాగుతుంది. ఆయనకు రాబడి తగ్గినది. కోత పండుగ కానుక కూడ తగ్గినది. దానిని బల్ల మీద పెట్టి ప్రార్థించినప్పుడు మా మనస్సు తేలికగా ఉన్నది. పాత పుస్తకము చూచి నాలుగు కుటుంబాలకు కొంత తిరిగి ఇచ్చాడు. ఇంకా ఇవ్వవలసినవారున్నారు. ఆయన అనుమతితోనే ఇదంతా వ్రాస్తున్నాము.

మందిరపు ఫ్యాన్ల సంగతి సంఘ పెద్దల ముందు పెట్టాము. ఆ సొమ్ములో కొంతైనా ఆ రైతులకు చేరాలని మా మనవి. తీర్మానము ఇంకా కాలేదు. ఈలోగా కానుకలు ఇద్దరు కలిసి లెక్కించి, పుస్తకములో వ్రాసి, నెలకొకసారి సంఘములో చదివి వినిపించాలని ఏర్పాటు చేసుకొన్నాము. కొట్టువానిని చీటీ అడిగే కాపరి తన చీటీ కూడ చూపించాలి గదా!

ప్రియ పాఠకులారా, మీలో కొట్టు ఉన్నవారు, పాలు పోసేవారు, కూరగాయలు అమ్మేవారు, కూలీలను పెట్టుకొనేవారు ఈ నెల కుటుంబ ప్రార్థనలో ఒక్క ప్రశ్న వేసుకోండి: "మన లెక్కల పుస్తకము మన చేత నష్టపోయినవాని ముందు తెరిచి పెట్టగలమా?" పిల్లల ఎదుటనే అడగండి. రేపు ఆ కాటా వద్ద కూర్చొనేది వారే. పెట్టగలమంటే దేవునికి స్తోత్రము చెల్లించండి. లేదంటే జక్కయ్య ఇంటికి వచ్చిన ప్రభువు మీ ఇంటికీ రాగలడు.

చదువవలసిన భాగములు: లేవీయకాండము 19:35, 36, ఆమోసు 8:4-7, లూకా 19:1-10.

ప్రార్థన: న్యాయము తూచే తండ్రీ, మా చేతిలోని తక్కెడను, మా నోటిలోని ధరను, మా మందిరములోని కానుకను పరిశోధించుము. తిరిగి ఇవ్వవలసినది తిరిగి ఇచ్చే ధైర్యము మాకు దయచేయుము. యేసు నామమున వేడుచున్నాము. ఆమేన్.