పల్లె ఇంటి అనుమతిలో గాలి లెక్క ఎక్కడ?

పుదుచ్చేరి పట్టణంలోని నటేశన్ నగర్‌లో ఇల్లు కట్టాలంటే ముందు ప్లాన్ గీయించి, ప్లానింగ్ అథారిటీ అనుమతి తీసుకోవాలి. వందల కిలోమీటర్ల అవతల గోదావరి ఒడ్డున ఉన్న యానాం కూడా పుదుచ్చేరిలో భాగమే కనుక అక్కడా పట్టణ ప్రణాళిక నిబంధనలే నడుస్తాయి. యానాం పొలిమేర దాటి ఆంధ్రప్రదేశ్ పల్లెల్లో అడుగుపెడితే వ్యవహారం గ్రామ పంచాయతీది. పంచాయతీ పరిధిలోని లేఅవుట్లకు, ఇళ్లకు 2002లో విడిగా నియమాలు చేశారు.

తుపాను మాత్రం ఈ పొలిమేరలను లెక్కచేయదు. భవనాలపై గాలి ఒత్తిడిని లెక్కగట్టడానికి భారతీయ ప్రమాణాల సంస్థ ఇచ్చిన ఐఎస్ 875 మూడో భాగంలో ఒక పటం ఉంది. అందులో పుదుచ్చేరి తీరం, గోదావరి డెల్టా తీరం రెండూ ఒకే తరగతిలో ఉన్నాయి: సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్ల గాలి.

ఈ అంకె ఇంటికి ఏం చేస్తుందో చూడటానికి పెద్ద గణితం అక్కర్లేదు. గాలి వేగం రెట్టింపైతే దాని ఒత్తిడి నాలుగు రెట్లవుతుంది. సెకనుకు 50 మీటర్ల గాలి చదరపు మీటరుకు దాదాపు 150 కిలోల బరువుతో సమానమైన ఒత్తిడి కలిగిస్తుంది. వాలు తక్కువగా ఉన్న కప్పు మీద ఇది కిందికి నొక్కదు, పైకి పీలుస్తుంది. ఆ పీల్పు అందులో సగమే అనుకున్నా 75 కిలోలు. సిమెంటు రేకు బరువు చదరపు మీటరుకు సుమారు 15 కిలోలే, ఇనుప రేకుదైతే ఇంకా తక్కువ. అందుకే రేకును నిలబెట్టేది దాని బరువు కాదు, దాన్ని దూలానికి పట్టి ఉంచే హుక్కులు, దూలాన్ని గోడకు పట్టి ఉంచే కడ్డీలు. చూరు దగ్గర, మూలల్లో పీల్పు మరీ ఎక్కువ కాబట్టి అక్కడ హుక్కులు దగ్గరదగ్గరగా ఉండాలి. రేకుల మీద రాళ్లు, ఇసుక మూటలు పెట్టడం మన పల్లెల్లో మామూలే. ఆ మూట బరువెంతో, పైన చెప్పిన లెక్క పక్కన పెట్టి చూసుకోవచ్చు.

1996 నవంబర్ 6న కోనసీమను, యానాంను చీల్చుకుపోయిన తుపానులో వెయ్యి మందికి పైగా చనిపోయారు, లక్షల ఇళ్లు దెబ్బతిన్నాయి. చిన్న ఇళ్లు తుపానుకు తట్టుకునేలా కట్టడంపై ఐఎస్ 15498 పేరుతో మార్గదర్శకాలు 2004లో వచ్చాయి. కప్పు వాలు ఎంత ఉండాలో, దేన్ని దేనికి ఎలా బిగించాలో వాటిలో ఉంది. కానీ అవి తాపీమేస్త్రి చేతికి అందే దారేది? ఆ దారి ఇంటి అనుమతే కావాలి. ప్రస్తుతం ఆ కాగితం దృష్టంతా స్థలం ఎవరిది, రోడ్డు వెడల్పెంత, చుట్టూ ఎంత ఖాళీ వదిలారు, ఎత్తెంత, ఫీజు కట్టారా అన్న వాటి మీదే. ఇవి అనవసరమని కాదు. కానీ ప్రాణం తీసేది హుక్కు లేని రేకు.

భూకంపం విషయంలోనూ ఇదే తీరు. 1993లో కిల్లారిలో మట్టితో పేర్చిన బరువైన రాతి గోడలు కూలి వేల మంది చనిపోయారు. అప్పటి పటంలో అది అతి తక్కువ ప్రమాదమున్న ప్రాంతం. 2024 డిసెంబర్ 4న ములుగు జిల్లాలో 5.3 తీవ్రతతో వచ్చిన భూకంపం తెలుగు పల్లెలకూ ఆ సంగతి గుర్తుచేసింది.

అనుమతి అనగానే పేదవాడికి మరో తిరుగుడు, మరో చేయి తడపడం అన్న అభ్యంతరం వస్తుంది. అది నిజమైన భయమే, కొట్టిపారేయకూడదు. రెండు గదుల ఇంటికి పట్టణంలో అడిగేన్ని డ్రాయింగులు అడిగితే జనం అనుమతి లేకుండానే కట్టుకుంటారు. కనుక కాగితాలు తగ్గించాలి, చూసే విషయం మార్చాలి. పంచాయతీయే ఆ ఊరి గాలికి, నేలకు తగిన రెండు మూడు నమూనా బొమ్మలను దరఖాస్తుతో ఉచితంగా ఇవ్వవచ్చు. ఏ జిల్లాలో ఏ రకం గోడకు, ఏ రకం కప్పుకు ఎంత ముప్పుందో భవన నిర్మాణ సామగ్రి, సాంకేతిక ప్రోత్సాహక మండలి తన అట్లాసులో ఎప్పుడో లెక్కకట్టి పెట్టింది. నమూనాకు కొత్త పరిశోధన ఏమీ అక్కర్లేదు.

ఫ్లోరిడాలో 1992 నాటి ఆండ్రూ తుపాను తర్వాత, 2002 నుంచి పట్టణమైనా దాని బయటి ప్రాంతమైనా రాష్ట్రమంతా ఒకే భవన నియమావళి అమలైంది. అక్కడి తనిఖీ యంత్రాంగం ఇక్కడ లేదన్నది నిజమే. అయితే ఆంధ్రప్రదేశ్‌లో 2019 నుంచి గ్రామ సచివాలయాల్లో ఇంజినీరింగ్ అసిస్టెంట్లు ఉన్నారు. ఒక్కో ఇంటికి వారు రెండుసార్లు వస్తే చాలు.

ఎప్పుడు రావాలన్నదే ముఖ్యం. లింటెల్ పట్టీలో ఇనుము ఇంటి చుట్టూ తెగకుండా తిరిగిందా, దూలాన్ని పట్టే కడ్డీ గోడలోకి ఎంత లోతుగా దిగింది అన్నవి కాంక్రీటు పోయక ముందే కనిపిస్తాయి. చూరు దగ్గరి హుక్కుల్ని మేస్త్రి పరంజా మీద ఉండగానే సరిచేయించవచ్చు. గృహప్రవేశం రోజున వచ్చి చూస్తే కనిపించేది సున్నం వేసిన గోడే.