క్రాక్ కాపీలకు ఇక సెలవు
తిరుపతి, చిత్తూరు జిల్లాల డీటీపీ షాపులకు, నెట్ సెంటర్లకు, కాలేజీలకు, దుకాణదారులకు విన్నపం

తిరుపతిలో బాలాజీ కాలనీ నుంచి గాంధీ రోడ్డు దాకా, చిత్తూరులో చర్చి వీధి నుంచి గిరింపేట దాకా ఏ డీటీపీ షాపులో చూసినా కంప్యూటర్లో దాదాపు ఒకే సరంజామా కనిపిస్తుంది. పేజ్‌మేకర్ 7, ఏదో ఒక పాత ఫొటోషాప్, కోరల్‌డ్రా, అను స్క్రిప్ట్ మేనేజర్, ఎంఎస్ ఆఫీస్, విన్‌రార్. వీటిలో ఎన్నింటికి బిల్లు ఉందని అడిగితే చాలాచోట్ల వచ్చే జవాబు ఒకటే: "అవన్నీ యాడ కొంటాం సార్? సిస్టం ఇచ్చినప్పుడే పిల్లోడు ఎక్కించినాడు."

డబ్బు పెట్టి కొనాలా, ఉచితంగా దొరికేది వాడాలా అన్న చర్చే ఈ ఊళ్లలో పుట్టకపోవడానికి కారణం ఆ పిల్లోడి పెన్‌డ్రైవు. ఫొటోషాప్ ఊరికే వస్తున్నప్పుడు ఉచితంగా దొరికే గింప్ ఎలా ఉంటుందో చూసే తీరిక ఎవరికుంటుంది? ఆ దొంగదారిని మూసేయాలి. ఆ తర్వాత ప్రతి షాపూ తన పనుల పట్టీ ముందేసుకుని, ఏ పనికి ఉచిత సాఫ్ట్‌వేర్ సరిపోతుందో, దేనికి డబ్బు పెట్టక తప్పదో తేల్చుకోవాలి. ఈ కరపత్రం కోరేది ఇదే.

ఇది నీతి కోసం మాత్రమే చెబుతున్న మాట కాదు. 2017 మే 12న వానాక్రై అనే వైరస్ ప్రపంచం మీద పడింది. కంప్యూటర్లోని ఫైళ్లన్నిటికీ తాళం వేసి, తీయాలంటే 300 డాలర్లు బిట్‌కాయిన్లలో కట్టమంది. 150 దాకా దేశాలు దాని బారిన పడ్డాయి. మన దేశంలో మొదట వార్తల్లోకెక్కింది ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖే. చిత్తూరు, కృష్ణా, గుంటూరు, విశాఖపట్నం, శ్రీకాకుళం జిల్లాల్లో 18 పోలీసు యూనిట్ల కంప్యూటర్లు దెబ్బతిన్నాయి. కొద్ది రోజులకే టీటీడీ కార్యాలయంలోని కొన్ని కంప్యూటర్లకూ అదే గతి పట్టిందన్న వార్త వచ్చింది. వైరస్ దూరిన కంతను పూడ్చే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ ఆ ఏడాది మార్చి 14నే విడుదల చేసింది. రెండు నెలల్లో అప్‌డేట్ వేసుకోని కంప్యూటర్లే దానికి చిక్కాయి.

క్రాక్ కాపీ వాడేవాళ్లు ఎప్పుడూ ఉండేది ఆ స్థితిలోనే. అప్‌డేట్ వేస్తే క్రాక్ పోతుందని భయం, అందుకే అప్‌డేట్లు ఆపేసి ఉంచుతారు. ఇక క్రాక్ ఎక్కించే పద్ధతి చూడండి. మొదటి సూచనే "యాంటీవైరస్ ఆపేయండి". రెండోది, ఎవరు రాశారో తెలియని ఒక ఫైలుకు కంప్యూటర్ మీద పూర్తి అధికారం ఇస్తూ నడపడం. ఇళ్లలో, చిన్న షాపుల్లో ఎక్కువగా దొరికే స్టాప్ అనే తాళం వైరస్ వ్యాపించేది ముఖ్యంగా ఈ క్రాక్ ఫైళ్లతోనే. ముహూర్తాల సీజన్‌లో వారం రోజుల శుభలేఖల ఫైళ్లకు తాళం పడితే ఆ షాపు పరిస్థితి ఏమిటో ఆ వృత్తిలో ఉన్నవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు.

చట్టం సంగతి కూడా ఒక్క మాట. 1957 కాపీరైట్ చట్టం 63బి సెక్షన్ ప్రకారం దొంగ కాపీ అని తెలిసి వాడితే 7 రోజులకు తగ్గకుండా 3 ఏళ్ల దాకా జైలు, 50 వేలకు తగ్గకుండా 2 లక్షల దాకా జరిమానా. లాభం కోసం కాదని తేలితే కోర్టు జైలు మినహాయించవచ్చు. షాపు పెట్టుకుని వాడేవాళ్లకు ఆ వెసులుబాటు దొరకడం కష్టం.

చిన్న పనిముట్లతో మొదలుపెడితే మార్పు సులువుగా ఉంటుంది. విన్‌రార్ 40 రోజుల ట్రయల్ మీద వస్తుంది. గడువు తీరాక కొనమని అడిగే పెట్టెను రోజూ మూసేస్తూ ఏళ్లు గడిపేస్తున్నారు. అందులో దాదాపు 19 ఏళ్లుగా దాగి ఉన్న ప్రమాదకరమైన లోపం ఒకటి 2019లో బయటపడింది. అది తనంతట తాను అప్‌డేట్ అయ్యే రకం కాదు కాబట్టి పాత కాపీలు లోపంతో సహా అలాగే ఉండిపోతాయి. ఇగోర్ పావ్లోవ్ రాసిన 7-జిప్ 1999 నుంచి ఉచితంగా ఉంది, రార్ ఫైళ్లనూ విప్పుతుంది. వీడియోలకు వీఎల్‌సీ, ఆడియో కత్తిరింపులకు ఆడాసిటీ ఇప్పటికే చాలామందికి అలవాటే. ఉత్తరాలు, బయోడేటాలు, లెక్కల పట్టీలకు లిబ్రెఆఫీస్ చాలు. అది 2010లో మొదలైంది, మెనూలు తెలుగులోకి మార్చుకునే వీలుంది, వర్డ్, ఎక్సెల్ ఫైళ్లను తెరుస్తుంది. కొన్ని క్లిష్టమైన టేబుళ్లు, ఎక్సెల్ మాక్రోలు అందులో చెదిరే మాట నిజమే. అలాంటి పని రోజూ ఉండే ఆఫీసు ఎంఎస్ ఆఫీస్ కొనుక్కోవాలి. నెలకు పది బయోడేటాలు కొట్టే షాపుకు ఆ ఖర్చు అక్కర్లేదు. యాంటీవైరస్‌కు విండోస్‌తో పాటు వచ్చే డిఫెండర్‌ను ఆపకుండా ఉంచితే చాలావరకు సరిపోతుంది.

అసలు చిక్కంతా తెలుగు టైపు దగ్గర ఉంది. పేజ్‌మేకర్ చివరి వెర్షన్ 7 వచ్చింది 2001లో. ఆ తర్వాత అడోబీ దాన్ని వదిలేసి ఇన్‌డిజైన్ వైపు వెళ్లిపోయింది. పేజ్‌మేకర్‌కు అన్ని భాషల అక్షరాలకూ ఒకే ప్రమాణమైన యూనికోడ్ తెలియదు, అందుకే దాంతోపాటు అను ఫాంట్లు నిలిచిపోయాయి. అనులో కొట్టిన తెలుగును ఆ ఫాంటు లేని ఫోనుకు పంపి చూడండి. పెళ్లికూతురి పేరు ఉండాల్సిన చోట నెత్తిన చుక్కలూ గీతలూ పెట్టుకున్న పరాయి అక్షరాలు వరసకట్టి కనిపిస్తాయి. గుడి చరిత్ర మీద వేసిన చిన్న పుస్తకం, జాతర సంచిక, యూనివర్సిటీకి ఇచ్చిన సిద్ధాంత వ్యాసం, ఏదైనా అంతే. పీడీఎఫ్‌లో చూడ్డానికి తెలుగే, అందులో ఒక పదం వెతికితే దొరకదు, ఒక పేరా కాపీ చేస్తే చెత్త వస్తుంది. 2012 డిసెంబరు 27 నుంచి 29 దాకా నాలుగో ప్రపంచ తెలుగు మహాసభలు జరిగిన తిరుపతిలో ఇన్నేళ్ల తర్వాత కూడా వెతకడానికి వీల్లేని తెలుగు అచ్చవుతూ ఉండటం బాధాకరం.

ఈ జిల్లాలకు ఇంకో ప్రత్యేకత ఉంది. నగరిలో, పుత్తూరులో, చిత్తూరులో ఒకే శుభలేఖ మీద తెలుగు, తమిళం రెండూ అడుగుతారు. కుప్పంలోనైతే కన్నడమూ కలుస్తుంది. పాత పద్ధతిలో ఒక్కో భాషకు ఒక్కో ఫాంటు ప్యాకేజీ, ఒక్కో కీబోర్డు వరస. యూనికోడ్‌లో మూడు భాషలూ ఒకే ఫైల్లో ఒకే పేరాలో పక్కపక్కన కూర్చుంటాయి. మూడు రాష్ట్రాలు కలిసే చోట వ్యాపారం చేసేవాళ్లకు ఇంతకన్నా పనికొచ్చే సదుపాయం ఏముంటుంది?

మంచి ఫాంట్లు లేవన్న పాత ఫిర్యాదుకు ఇప్పుడు తావు లేదు. సిలికానాంధ్ర విడుదల చేసిన తెలుగు ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో దొరుకుతాయి. పెద్దన, తిమ్మన, మల్లన్న, రామభద్ర, రామరాజ, సూరన్న, తెనాలి రామకృష్ణ, మన శ్రీకాళహస్తి ధూర్జటి, ఇలా అష్టదిగ్గజాలందరి పేర్లతోనూ ఉన్నాయి. రాయలవారి పేరుతోనూ ఒకటుంది. వీటికున్న ఓపెన్ ఫాంట్ లైసెన్సు ప్రకారం శుభలేఖల మీద, ఫ్లెక్సీల మీద, పుస్తకాల్లో పైసా కట్టకుండా వాడుకోవచ్చు. తిరుమల కృష్ణ దేశికాచారి తయారుచేసి ఊరికే ఇచ్చిన పోతన, వేమన ఫాంట్లు అంతకు ఎన్నో ఏళ్ల ముందే ఉన్నాయి. టైపు చేయడానికి ఇన్‌స్క్రిప్ట్ ప్రతి కంప్యూటర్లోనూ ఉంది. ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాసేవాళ్లకు వీవెన్ తయారుచేసిన లేఖిని ఉంది. ఆపిల్ కీబోర్డుకు వేళ్లు అలవాటుపడ్డ ఆపరేటర్లకు అదే వరసలో యూనికోడ్ కొట్టే ఉచిత లేఅవుట్లు కూడా వచ్చాయి. పేజీలు కట్టడానికి స్క్రైబస్ ఉంది. 2024లో వచ్చిన దాని 1.6 వెర్షన్ తెలుగు ఒత్తులను, గుణింతాలను సరిగ్గా కూర్చుతుంది.

అలాగని ఉచితమైనదల్లా అన్ని పనులకూ సరిపోతుందనడం అబద్ధమవుతుంది. శివకాశికి ఆఫ్‌సెట్‌కు పంపే నాలుగు రంగుల పనికి గింప్ ఇంకా ఫొటోషాప్ అంత నమ్మకమైనది కాదు. 2025లో వచ్చిన గింప్ 3 చాలా మెరుగైనా, సీఎంవైకే అనే ఆ నాలుగు రంగుల పద్ధతి పూర్తిగా అందులో కుదరలేదు. రోజంతా రంగుల పనే చేసే ప్రెస్సు అడోబీకి చందా కట్టాలి, ఆ ఖర్చును రేటులో కలుపుకోవాలి. ఆల్బమ్ డిజైన్ మీద బతికే స్టూడియోకూ అదే మాట. పదేళ్లుగా అనులో పేరుకున్న ఫైళ్లున్న షాపు అను లైసెన్సు కొని, పాత ఫైళ్ల కోసం ఒక కంప్యూటర్ అట్టిపెట్టుకుని, కొత్త పనంతా యూనికోడ్‌లో మొదలుపెట్టడం మంచిది. మామిడి గుజ్జు ఫ్యాక్టరీలు, హోల్‌సేల్ కిరాణా మండీలు లెక్కల కోసం టాలీ కొనాల్సిందే. ఆడిటరు అడిగేది ఆ ఫైలే, జీఎస్టీ మార్పులు అందులోకి వెంటనే వస్తాయి. చిన్న అంగళ్ల సంగతి వేరు. ఏడాదికి కోటిన్నర లోపు టర్నోవరున్న వాళ్లకు బిల్లింగ్, లెక్కల సాఫ్ట్‌వేర్‌ను ఉచితంగా ఇప్పించే ఏర్పాటు జీఎస్టీ నెట్‌వర్క్ 2019లోనే చేసింది. ముందు దాన్ని చూసి, చాలకపోతే టాలీ దగ్గరికి పోవచ్చు.

నెట్ సెంటర్లలో ప్రమాదం మరో రకంగా ఉంది. ఈఏపీసెట్ కౌన్సెలింగ్ రోజుల్లో ఎస్వీ యూనివర్సిటీ చుట్టుపక్కల ఏ సెంటర్లోనైనా అరగంట నిలబడితే చాలు. సర్టిఫికెట్ సైజు తగ్గాలి, రెండు పీడీఎఫ్‌లు కలపాలి. ఆపరేటరు గూగుల్‌లో వెతికి, మొదట కనబడిన వెబ్‌సైట్లోకి పిల్లవాడి ఆధార్, కులధ్రువీకరణ పత్రం, మార్కుల జాబితా ఎక్కించేస్తాడు. అవి ఎవరి చేతికి పోయాయో ఆపరేటరుకూ తెలియదు, పిల్లవాడి తండ్రికీ తెలియదు. ఇదే పనిని నెట్ అవసరం లేకుండా, ఫైలు గది దాటకుండా చేసే ఉచిత పనిముట్లున్నాయి. కలపడానికి, విడదీయడానికి పీడీఎఫ్‌సామ్ బేసిక్. ఫొటో సైజుకు గింప్. అయితే ఊరికే ఇచ్చేవాళ్లందరూ మేలు కోరేవాళ్లు కారు. ఉచిత యాంటీవైరస్‌తో పేరు తెచ్చుకున్న అవాస్ట్, వాడకందార్ల బ్రౌజింగ్ వివరాలు అమ్ముకుందన్న ఆరోపణ మీద 2024లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆదేశంతో కోటీ 65 లక్షల డాలర్లు కట్టాల్సి వచ్చింది. అందుకే కోడ్ అందరికీ కనబడేలా పెట్టిన (ఓపెన్ సోర్స్) సాఫ్ట్‌వేర్‌కు మొదటి పీట వేయాలి, దాన్ని దాని సొంత వెబ్‌సైట్ నుంచే దించుకోవాలి.

పెద్ద ఎత్తున ఇది సాధ్యమా అని అనుమానించేవాళ్లు దక్షిణాది రాష్ట్రాలను చూడాలి. కేరళ ప్రభుత్వ బడులు దాదాపు ఇరవై ఏళ్లుగా ఉచిత సాఫ్ట్‌వేర్ దారిలోనే నడుస్తున్నాయి. 2019లో అక్కడి బడుల సాంకేతిక విద్య చూసే ప్రభుత్వ సంస్థ కైట్ ఉబుంటు మీద కట్టిన సొంత ఆపరేటింగ్ సిస్టమ్‌ను 2 లక్షలకు పైగా బడి కంప్యూటర్లకు ఇచ్చింది. లైసెన్సుల రూపంలో మిగిలేది 3,000 కోట్ల రూపాయలని అప్పట్లో లెక్క చెప్పింది. ఆ లెక్కలో సగం తీసేసినా అది చిన్న మొత్తం కాదు. తమిళనాడులో ఐఏఎస్ అధికారి ఉమాశంకర్ ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ సంస్థ ఎల్కాట్ ఎండీగా ఉన్న రోజుల్లో ఆ సంస్థ ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ లైనెక్స్‌కు, ఓపెన్ ఆఫీస్‌కు మారింది. కేంద్ర ప్రభుత్వ కంప్యూటర్ పరిశోధన సంస్థ సీడాక్ చెన్నై కేంద్రం తయారుచేసిన బాస్ లైనెక్స్ 2007 నుంచి ఉంది, తెలుగు దానికి వచ్చు. కేంద్ర ప్రభుత్వ ఆఫీసుల్లో ఓపెన్ సోర్స్‌కు ప్రాధాన్యమివ్వాలని 2015లోనే విధానం ప్రకటించారు. తెలుగు నేల మీద ఈ పని భుజాన వేసుకున్న స్వేచ్ఛ సంస్థ ఉండనే ఉంది.

సమయం కూడా ఇదే. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ఆగిపోయింది. కాలేజీ ల్యాబుల్లో, షాపుల్లో ఉన్న పాత కంప్యూటర్లు చాలావరకు విండోస్ 11కు పనికిరావు. 4 జీబీ ర్యామ్ ఉన్న అలాంటి కంప్యూటర్ మీద లైనెక్స్ మింట్ సాఫీగా నడుస్తుంది. కొత్త కంప్యూటర్లకు టెండర్లు పిలిచే ముందు ప్రతి కాలేజీ రెండు పాత కంప్యూటర్ల మీద దాన్ని ఎక్కించి చూడాలి.

ఎస్వీ యూనివర్సిటీ, పద్మావతి మహిళా యూనివర్సిటీ, కుప్పం ద్రావిడ యూనివర్సిటీ తెలుగు సిద్ధాంత వ్యాసాలను యూనికోడ్‌లోనే తీసుకుంటామని ప్రకటించాలి. ఆ ఒక్క నిబంధనతో వాటి చుట్టూ ఉన్న టైపింగ్ షాపులు ఏడాదిలో మారతాయి, ఎందుకంటే వాటి గిరాకీ ఆ విద్యార్థులే. రెండు జిల్లాల కలెక్టరేట్లు, మున్సిపాలిటీలు అచ్చుపనుల టెండర్లలో యూనికోడ్ ఫైలు ఇవ్వాలన్న షరతు చేర్చాలి. డీటీపీ కోర్సులు నేర్పే సెంటర్లు పేజ్‌మేకర్‌తో పాటు స్క్రైబస్ కూడా నేర్పాలి. నేర్పేవాళ్లు లేరనుకుంటే, ఐఐటీ బొంబాయి స్పోకెన్ ట్యుటోరియల్ ప్రాజెక్టు లిబ్రెఆఫీస్, లైనెక్స్ పాఠాలను తెలుగు గొంతుతో సహా ఉచితంగా ఇస్తోంది.

షాపు యజమాని మొదలుపెట్టాల్సింది ఒక ఆదివారం. ముందు ఫైళ్లన్నీ విడి హార్డ్‌డిస్కులోకి కాపీ చేసుకోవాలి. పాత విన్‌రార్, క్రాక్ చేసిన ఆఫీస్ తీసేసి 7-జిప్, లిబ్రెఆఫీస్ వేసుకోవాలి, డిఫెండర్ ఆన్ చేయాలి. లైనెక్స్ మింట్‌ను పెన్‌డ్రైవులో ఎక్కించుకుంటే, హార్డ్‌డిస్కును తాకకుండానే దాంతో కంప్యూటర్ నడిపి చూడొచ్చు. ప్రింటరు, స్కానరు, ఆధార్ వేలిముద్రల యంత్రం దాంతో పనిచేస్తున్నాయో లేదో అప్పుడే తెలిసిపోతుంది. వేలిముద్రల యంత్రం మొరాయిస్తే ఆ ఒక్క కంప్యూటర్‌కు అసలు విండోస్ లైసెన్సు కొనాలి, మిగతావాటిని మార్చుకోవచ్చు.