సంచుల కాపలా

పూర్వము మన మధ్యతరగతి కుటుంబములు ఇంటిల్లిపాదియు ఊరు కదలుటకు రెండే కారణము లుండెడివి. ఒకటి పెండ్లి, రెండవది తీర్థయాత్ర. కేవలము సంతోషించుటకై బయలుదేరితి మని చెప్పుకొనుటకు మనకు కొంత సిగ్గు. జాతరకు పోయినవాడు సైతము ముందుగా కొబ్బరికాయ కొట్టి, పిమ్మటనే రంగులరాట్నము నెక్కెడివాడు. పుణ్యము చాటున వినోదము దాగియుండెడిది.

నేడు థీమ్ పార్కు వచ్చినది. అందు దేవుడు లేడు, ముహూర్తము లేదు. టికెట్టు కొని లోపలికి పోయి ప్రొద్దు క్రుంకువఱకు ఆనందించుటయే అచ్చటి పని. ఈ పని మనకు క్రొత్త. కావున మొదటిసారి పోదలచిన కుటుంబము పదిదినములు ముందుగానే చర్చ మొదలుపెట్టును. అట్టి చర్చలను నేను కొన్ని విన్నాను. టికెట్టు ధర యెంత, కారు బాడుగ యెంత, పిల్లలు ఏ రైడు ముందెక్కుదురు అను మూడు ప్రశ్నలతో అవి ముగియుచున్నవి. నాల్గవ ప్రశ్న యొకటి కలదు. దానిని ఎవరును అడుగరు. అడుగకయే జవాబు సిద్ధమై యుండును. సంచులు ఎవరు కాయుదురు?

ఏ వినోదవనమున కైనను పోయి చూడుడు. పెద్ద రైడుల చెంతను, కొలనుల గట్టునను, చెట్టునీడ బెంచీలమీద కొందరు కూర్చుండి యుందురు. వారి ఒడిలో కళ్ళజోళ్ళు, సెల్‌ఫోనులు, డబ్బుసంచి. ప్రక్కను తడిబట్టల మూట. కాళ్ళముందు వరుసగా చెప్పులజతలు. ఆ కూర్చున్నవారిలో మగవారిని వ్రేళ్ళమీద లెక్కింపవచ్చును. ఇంటి ఇల్లాలో, ఆమె అత్తగారో, తోడు వచ్చిన మేనత్తయో ఆ కొలువులో నుందురు. వారికిని తక్కినవారితో సమానముగనే టికెట్టు కొన్నారు. ఆ సొమ్మునకు వారు పొందినది బెంచీమీద బారెడు చోటు.

కడచిన వేసవిలో ఒక జలవినోద స్థలమున నా ప్రక్కబెంచీపై కూర్చున్న యొక గృహిణి ముందు ఏడుజతల చెప్పులు చూచితిని. కొడుకు కాబోలు, పండ్రెండేండ్లవాడు, నీళ్ళు కారుచు వచ్చి, "అమ్మా, నువ్వూ రావచ్చు కదా!" అన్నాడు. ఆమె చెప్పులవంక చూపి, "నేనొస్తే ఇవెవరు చూస్తారురా?" అన్నది. వాడు మరల పరుగెత్తినాడు. ఆమెకు నలువది అడుగుల దూరమున బాడుగకు లాకర్లు వరుసగా నున్నవి. ఒక లాకరు బాడుగ ఆనాడు ఆ కుటుంబము త్రాగిన కూల్‌డ్రింకుల ఖరీదుకన్న తక్కువే యని నా లెక్క. ఆ ఇంట పొదుపు ఎవరి దినమునుండి తీయబడినదో వేరుగ చెప్ప నక్కఱలేదు.

ఈ మాట నాతోడి అధ్యాపకు లొకరితో అన్నప్పుడు, "మేము పిలిచాము మాస్టారూ, ఆవిడే రానంది. ఆవిడకి ఇష్టం లేదు" అన్నారు. కావచ్చును. కాని యిష్టము లేకపోవుట వేరు, ఇష్టమును లెక్కలోనికి తీసికొను అలవాటు లేకపోవుట వేరు. అందరి భోజనము లైన పిదప గిన్నెలో మిగిలినది చూచి తన ఆకలిని నిర్ణయించుకొను మనిషిని ఒక్కమాటు "వస్తావా?" అని అడిగినచో "వద్దు" అనియే చెప్పును. ఆ "వద్దు"ను మనము వెంటనే నమ్మెదము. నమ్ముట మనకు సుఖము.

ఇందొక చమత్కారము కలదు. థీమ్ పార్కు అను భావము పుట్టినదే బెంచీమీద కూర్చున్నవాని విసుగునుండి. వాల్ట్ డిస్నీ తన యిద్దరు కుమార్తెలను సెలవుదినములలో లాస్ ఏంజలిస్ నగరమందలి గ్రిఫిత్ పార్కు రంగులరాట్నమునకు తీసికొనిపోయెడివాడు. వారు గుఱ్ఱములపై తిరుగుచుండగా తాను బెంచీపై కూర్చుండి వేరుసెనగలు తినుచు కాలము గడపెడివాడు. పిల్లలును పెద్దలును కలిసి ఆనందింపగల స్థలము ఒకటి ఏల ఉండరాదను ఆలోచన అప్పుడు కలిగిన దని ఆయనయే చెప్పెను. ఆ యాలోచనయే ఆనహైమ్‌లో 160 ఎకరముల తోటభూమిపై డిస్నీలాండుగా వెలసి, 1955 జూలై 17వ తేదీన తలుపులు తెరచినది. అనగా బెంచీని ఖాళీ చేయుటకై కట్టిన సంస్థ యిది. మనము దానిలోనికి పోయి, మరల మన ఇల్లాలిని అదే బెంచీమీద కూర్చుండబెట్టుచున్నాము.

ఆ ప్రారంభదినము కథయు తెలిసికొనదగినదే. అంతకుముందు కుళాయి పనివారి సమ్మె జరిగినందున మరుగుదొడ్లు, త్రాగునీటి కుళాయిలు రెండును సకాలమున సిద్ధము చేయుట సాధ్యము కాలేదు. డిస్నీ మరుగుదొడ్లనే ఎన్నుకొనెను. ఆనాటి యెండ మండిపోయి, క్రొత్తగా పోసిన తారు మెత్తబడి, స్త్రీల మడమచెప్పులు అందు దిగబడినవట. దాహమునకు నీరు లేదని జనులు తిట్టిరి. అయినను ఆయన నిర్ణయము సరియైనదే యని నా యభిప్రాయము. త్రాగుటకు వేరొక దారి దొరకును గాని రెండవ అవసరమునకు దొరకదు. మన ప్రణాళికలలో నీరు, మరుగుదొడ్డి యను రెండు మాటలు చిట్టచివరి పంక్తిలోనైన కనబడవు. మన పెద్ద ఆడవారిలో పలువురు ప్రయాణ మనగానే తెల్లవారినది మొదలు నీళ్ళు త్రాగుట మానివేయుదురు. ఎక్కడ మరుగుదొడ్డి యున్నదో, లోపల ఎట్లున్నదో తెలియదు, అడుగుటకు సిగ్గు. మధ్యాహ్నపు టెండలో ఆమెకు తల తిరిగినచో, "పెద్దావిడకు ఎండ పడలేదు" అని మనము చెప్పుకొందుము. లోపల ప్రవేశింపగానే మొదట చూడవలసినది ఆ స్థలమును, చూపవలసినది ఆమెకు. మధుమేహము గల పెద్దవారున్న ఇంట ఇది మరింత ముఖ్యము. బయటి తినుబండారములను చాలచోట్ల లోనికి రానీయరు గనుక, వారి భోజనవేళలు తప్పకుండ లోపలి హోటలు ఎక్కడనో ముందే కనుగొనవలెను.

దుస్తుల సంగతి యింకను సున్నితమైనది. కొలనులోను, జారుడు గొట్టములలోను దిగుటకు నూలుబట్టలు పనికిరావు. నైలాను మొదలగు ఈతదుస్తులే ధరింపవలె నని జలవినోద స్థలములలో నియమ ముండును. నియమము నిష్కారణమైనది కాదు. నూలుపోగులు ఊడి నీటిని వడగట్టు యంత్రములలో చిక్కుకొనును. తడిసిన చీర బరువెక్కి కాళ్ళకు చుట్టుకొనును. జారుచుండగా కొంగు ఎచ్చటనైన తగులుకొనినచో ప్రాణముమీదికి వచ్చును. ఈ నియమము గట్టుమీద నిలిచిన పిదప తెలిసిన ఇల్లాలు ఏమి చేయగలదు? అప్పటికప్పుడు అచ్చటి అంగడిలో దొరకినదేదో కొని, అత్తమామల యెదుట, నలుగురు పరాయివారి యెదుట ధరించుటకు మనసొప్పక, "మీరు వెళ్ళండి" అనును. అదియే ఆమెకు ఇష్టము లేదను శాసనమునకు మూలము. మోచేతులను మోకాళ్ళను దాటి నిండుగ కప్పు ఈతదుస్తులు నేడు అంగళ్ళలో దొరకుచున్నవి. ఈ సంగతి వారము ముందుగా చెప్పి, ఆమెకు నచ్చినది ఆమెయే యెన్నుకొనుటకు వ్యవధి యిచ్చినచో, గట్టుమీద కూర్చున్నవారిలో సగముమంది నీళ్ళలో దిగుదురని నా నమ్మకము. తక్కిన సగము నిజముగా ఇష్టము లేనివారే కావచ్చును. వారితో నాకు పేచీ లేదు.

పిల్లల విషయమున తల్లిదండ్రులు ఇంత ఏమరుపాటు చూపరు గాని, ఎత్తు సంగతి మాత్రము మఱతురు. పెద్ద రైడులకు ఇంత యెత్తు ఉండవలె నని హద్దు కలదు. 140 సెంటీమీటర్లు అడుగు చోట్లును ఉన్నవి. మనిషిని పట్టియుంచు ఇనుపకడ్డీ ఒక కొలత దేహమునకు సరిపోవునట్లు చేయబడినది. పొట్టివాడు దానిక్రిందనుండి జారిపోవును. కొలబద్దకడ పిల్లవాని మడమలు పైకెత్తించు తండ్రులను చూచితిని. పది రూపాయల రైలుటికెట్టుకు వయస్సు తగ్గించి చెప్పిన జాతి మనది. ఇచ్చట ఎత్తు పెంచి చెప్పుచున్నాము! ఇంటి గుమ్మమునకు ఆనించి పిల్లలను ముందే కొలిచి, ఎవరికి ఏది దక్కునో ఏది దక్కదో ఇంటియొద్దనే చెప్పినచో, గంటసేపు వరుసలో నిలిచిన పిదప ఏడ్పు తప్పును. గుండెజబ్బు, అధికమైన రక్తపుపోటు, మెడ నడుము నొప్పులు గలవారును, గర్భిణులును ఎక్కరాదని పలకలపై వ్రాసియుండును. దానిని వేడుకగా తోసిపుచ్చరాదు.

ఏ స్థలమునకు పోవలె ననునదియు ఇంటిలోని మనుష్యులనుబట్టియే తేలవలెను గాని, ప్రకటననుబట్టి కాదు. హైదరాబాదు వారికి రెండు ప్రసిద్ధ స్థలములు చేరువలో నున్నవి. రావిర్యాలయందు 2016లో తెరచిన వండర్లా దేహబలమునకు, నీటికి, వేగమునకు సంబంధించినది. విజయవాడ మార్గమున 1996లో వెలసిన రామోజీ ఫిలిం సిటీ ప్రపంచములోని అతిపెద్ద చిత్రనిర్మాణ ప్రాంగణముగా గిన్నిసు పుస్తకమున కెక్కినది. అందు బస్సులో కూర్చుండి చూడదగిన భాగము హెచ్చు. ముందు రైల్వేస్టేషనువలె కనబడుచు వెనుకకు పోయి చూచిన ఏమియు లేని కట్టడములు అచ్చట కలవు. సినిమాలు చూచి పెరిగిన మామ్మగారికి ఆ మాయ తెలియుటలో నున్న సరదా, మనుమనికి రోలర్ కోస్టరులో నున్న సరదాకు తీసిపోదు. డెబ్బదియేండ్ల వారును ఎనిమిదేండ్ల వారును కలసి పోవు మొదటి ప్రయాణమునకు నేనైతే రెండవదానినే చెప్పుదును. కళాశాలలో చదువు పిల్లలున్న ఇంటివారు నా మాట వినరు, వినవలసిన పనియు లేదు.

దినము మాత్రము ఆదివారము కారాదు. సంక్రాంతి, దసరా సెలవులు అసలే కారాదు. మంగళవారమో బుధవారమో సెలవు పెట్టుకొని పోయినచో వరుసలు తగ్గును. బడి యెగగొట్టించుమని అధ్యాపకుడే చెప్పుచున్నాడని పాఠకులు నవ్వుదురేమో. ముప్పదియేండ్లు హాజరుపట్టీ పిలిచినవాడను. ఒక్కనాటి గైరుహాజరుతో చెడిన విద్యార్థిని చూడలేదు. అధికముగ రుసుము చెల్లించినవారిని ముందుగా పంపు టికెట్టు కొన్ని పార్కులలో కలదు. దానిని కొనుట నాకు రుచింపదు. వరుసలో ముందున్న పిల్లవాడు తన తండ్రిని "వాళ్ళు ఎట్లా ముందు వెళ్తున్నారు?" అని అడుగును, ఆ తండ్రికి జవాబు కష్టము. ఐనను తిరుమలలో 300 రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనమునకు అలవాటుపడిన మనము ఇచ్చట మాత్రము ధర్మపన్నములు చెప్పుట బాగుండదు. మోకాళ్ళనొప్పులతో గంటలకొలది నిలువలేని పెద్దవారు వెంటనున్నచో కొనుడు. వారు సిగ్గుపడనక్కఱలేదు.

అమెరికాలో స్థిరపడిన మన పిల్లలు, తమను చూడవచ్చిన తల్లిదండ్రులను ఫ్లోరిడాలోని వాల్ట్ డిస్నీ వరల్డునకు తీసికొనిపోవుచుందురు. 1971 అక్టోబరు 1వ తేదీన తెరచిన ఆ స్థలము సుమారు 40 చదరపు మైళ్ళది. అందు నాలుగు థీమ్ పార్కులు. నాలుగు దినములలో నాలుగును ముగింపవలె నని పట్టుదలతో తిరిగి, అయిదవనాడు కాళ్ళు వాచి మంచమెక్కిన పెద్దవారిని ఎఱుగుదును. అచ్చట నాకు నచ్చిన యేర్పాటు ఒకటి కలదు. పొట్టిగా నున్న బిడ్డను ఎత్తుకొని ఒకరు వెలుపల ఆగినచో, తక్కినవారు ఎక్కి దిగినంతనే, ఆగినవారు మరల ఆ పెద్ద వరుసలో మొదటినుండి నిలువకయే ఎక్కవచ్చును. లాభము కొఱకు నడచు సంస్థకే వెలుపల ఆగిన మనిషి యొకతె కలదని తోచినది. బిడ్డను ఇపుడు నేను పట్టుకొందును, నీవు పొమ్మనుటకు ఇంటిలోని మగవానికి ఏ సంస్థ అనుమతియు అక్కఱలేదు.

కావున నేను చెప్పు ప్రణాళిక చిన్నది. ఒక కాగితము తీసికొని, పైన రైడుల పేర్లు కాక మనుష్యుల పేర్లు వ్రాయవలెను. మొదట ఇల్లాలి పేరు. ఆమె "నాకేం వద్దు" అన్నచో, కాగితము మడిచి, మరునాడు మరల అడుగవలెను. చిన్ననాట ఊరి జాతరలో ఏది యెక్కితివని అడిగినచో మాట తేలికగా వచ్చును. మా ఇంట అట్లే వచ్చినది. నలువదియేండ్లుగా ఎఱుగని సంగతులు రెండు తెలిసినవి. పిదప లాకరునకు డబ్బు ప్రక్కన పెట్టవలెను. లాకరులో పట్టని సామాను మిగిలినచో గంటకొకరు కాయవలెను. మొదటి గంట తండ్రిది, రెండవది పెద్దకొడుకుది.

ఆ కాగితము అడుగున మరి రెండు పంక్తులకు చోటుంచవలెను. పార్కునుండి ఇల్లు చేరునప్పటికి రాత్రి తొమ్మిది దాటును. పిల్లలు సోఫాలలో వాలుదురు, తండ్రి టీవీ పెట్టును, ఆమె వంటయింట దీపము వేయును. ఆ రాత్రి అన్నము ఎవరు వండుదురో, తడిబట్టల మూట ఎవరు విప్పి ఆరవేయుదురో పేర్లతో సహా ముందే వ్రాసికొనవలెను.