ఊలు ధర రాశాం, చేతి కూలి ఎక్కడ రాశాం?

ఈసారి కొంచెం పొడుగ్గానే రాస్తున్నాం, టీ పక్కన పెట్టుకొని నిదానంగా చదవండి. మేము తమిళ బడిలో చదువుకున్నవాళ్ళమని మీకు తెలుసు. తెలుగు ఇంట్లో నోటికి వచ్చిందే గానీ, అక్షరాలు మాత్రం కాట్పాడి నుంచి తిరుపతి పోయే దారిలో స్టేషను బోర్డులు చూసి నేర్చుకున్నవి. చిత్తూరు, పాకాల, చంద్రగిరి, ఒక్కో బోర్డు ఒక్కో పాఠం. తప్పులుంటే పెద్దవాళ్ళు దిద్దండి, చిన్నవాళ్ళు నవ్వుకోండి.

పోయిన వారం మా ఇంటామెతో కలిసి వేలూరులో ఊలు అంగడికి పోయాం. వేలూరులో ఊలేమిటని బయటి ఊరివాళ్ళు నవ్వుతారు. మే నెలలో 40 డిగ్రీలు దాటి మండే ఊరు కదా! కానీ ధనుర్మాసం తెల్లవారుజామున కోట కందకం పక్కన నడిచి చూడండి, చెవులకు ఏదన్నా చుట్టుకోకపోతే అడగండి. దీపావళి దాటి, వానలు తగ్గుముఖం పట్టేటప్పటికి ఆ అంగడికి ఏటా కొత్త సరుకు దిగుతుంది. ఈసారి నేరేడుపండు రంగు, చామంతి రంగు, రామచిలక పచ్చ వచ్చాయి. ఒకే ఉండలో నాలుగు రంగులు మారేవి వచ్చాయి. బొమ్మలు అల్లేదానికి మెత్తటి వెల్వెట్ దారం, పసిబిడ్డల గౌన్లకు కాటన్ దారం వచ్చాయి. ఊలు ఊలు అంటాం గానీ మన పక్క అమ్మేది చాలావరకు అక్రిలిక్కే. గొర్రె దాన్ని చూసి ఉండదు.

అంగట్లో దండెం కట్టి మాదిరి ముక్కలు వేలాడదీసినారు. ఆకుల వరస, తేనెపట్టు, జడ అల్లిక. ఒకప్పుడు ఈ డిజైన్లకు ఇంగ్లీషు పుస్తకాలు ఉండేవి. మన ఆడవాళ్ళు ఆ ఇంగ్లీషు చదవకుండానే, ముక్కను తిరగేసి, కుట్లు లెక్కబెట్టి నేర్చుకున్నారు. ఇప్పుడు ఫోనులో చూసి నేర్చుకుంటున్నారు. అయినా లెక్క తప్పితే విప్పి మళ్ళీ మొదటికి రావాల్సిందే, ఫోను వచ్చి అల్లిపెట్టదు.

మాకు నచ్చింది ఆ ఉండ మీద చీటీ. అందులో బరువు, సూది నంబరు, రంగు నంబరు, లాటు నంబరు ఉంటాయి. లాటు అంటే ఒకే తొట్టిలో ఒకేసారి రంగు వేసిన సరుకు. అదే రంగు నంబరైనా లాటు మారితే ఛాయ కొంచెం మారుతుంది. సగం అల్లినాక ఊలు అయిపోయి వేరే లాటు కొంటే శాలువాలో గీత పడినట్టు కనిపిస్తుంది. అందుకే కావలసినంతా ఒకేసారి కొనాలి. పార్శిల్ ఆఫీసులో మూటకు మార్కా ఉన్నట్టు ఇక్కడ ఉండకు మార్కా. అన్నీ రాసి ఉన్నాయి.

అప్పుడే అంగట్లోకి ఒక బెంగాలీ ఆమె వచ్చింది. సి.ఎం.సి.లో వైద్యానికని బెంగాల్ నుంచి వచ్చి నెలల తరబడి లాడ్జీల్లో ఉండే కుటుంబాలను మనం రోజూ చూస్తూనే ఉన్నాం. ఆమె భర్తను చేర్పించి ఉన్నారట. కూర్చున్న చోట చేతులు ఊరకుండవు కదా, అల్లుతా ఉంది. ఆమె చేతిలో టోపీ చూసి అంగడి ఆయన, "ఇట్లాంటివి పది అల్లిస్తావా అమ్మా, ఊలు మేమే ఇస్తాం" అన్నాడు. ఆమె ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా వచ్చీరాని హిందీలో అడిగింది: "కూలి ఎంత?"

మా ఇంటామె మా వైపు చూసింది. ముప్పై ఏళ్ళుగా అల్లుతోంది. ఆ మాట ఒక్కసారి కూడా ఎవరినీ అడగలేదు.

ఇక అసలు విషయానికి వస్తాం. పోయిన సమావేశంలో మనం ఒక తీర్మానం చేసుకున్నాం. సంక్రాంతికి మన సంఘంలో ఎనభై దాటిన 25 మంది పెద్దవాళ్ళకు చేత్తో అల్లిన శాలువాలు కప్పాలని. మంచి తీర్మానం, మేమూ చేయి ఎత్తాం. ఖర్చు కాగితం చదివినారు. శాలువాకు 400 గ్రాముల ఊలు, 100 గ్రాములు 90 రూపాయల చొప్పున 360. కవరు, ఆటో అంతా కలిపి 40. శాలువాకు 400, మొత్తం 10,000. అందరం చప్పట్లు కొట్టి లేచి వచ్చేశాం. అల్లేవాళ్ళ పేర్లు కూడా రాసుకున్నాం, ఆరుగురు అక్కచెల్లెళ్ళు. వాళ్ళ పేర్లు ఉన్నాయి గానీ, వాళ్ళ కూలికి ఆ కాగితంలో ఒక వరస కూడా లేదు.

కోశాధికారి అన్నను తప్పు పట్టడం లేదు. ఆ కాగితం మేము రాసినా అట్లే రాసి ఉంటాం. ఆ తప్పు మా ఇంట్లోనే ముందు జరిగింది. ఇరవై ఏళ్ళ కింద తెలిసినవాళ్ళు ఒకరు మనవడికి స్వెటర్ అల్లించమన్నారు. మా ఇంటామె రాత్రిపూట, వంటయ్యాక, బిడ్డలు పడుకున్నాక కూర్చొని అల్లింది. వాళ్ళు వచ్చి "ఎంతియ్యాలి?" అంటే, ఆమె నోరు తెరిచే లోపల మేమే అన్నాం, "ఊలు డబ్బు ఇస్తే చాలు, ఆమెకు ఇదంతా కాలక్షేపం." ఆమె ఏమీ అనలేదు. లోపలికి పోయి కాఫీ తెచ్చింది. మాకు ఎనిమిది గంటల డ్యూటీ దాటితే ఓవర్‌టైమ్ రాసుకునే ఉద్యోగం. ఆమె రాత్రి పని మాత్రం మాకు కాలక్షేపంగా కనిపించింది. మొన్న అంగట్లో ఆ బెంగాలీ ఆమె మాట విన్నప్పుడు ఆ కాఫీ గుర్తుకొచ్చింది.

ఇంకా వెనక్కి పోతే గుడియాత్తం. మేము పుట్టింది అక్కడే. లుంగీలకు పేరు పోయిన ఊరు, ముఖ్యమంత్రి అయ్యాక కామరాజర్ 1954లో పోటీ చేసి గెలిచిన ఊరు. కౌండిన్యా నది కట్ట దగ్గర మా వీధిలో పొద్దున మగ్గాల చప్పుడుతోనే లేచేవాళ్ళం. మిల్లు నుంచి నూలు చిలపలుగా వచ్చేది. నూలుకు 'నంబరు' అంటారే, అది ఏమిటంటే, ఒక పౌను బరువుకు 840 గజాల చిలపలు ఎన్ని తూగుతాయో అది. 40 నంబరు నూలంటే పౌనుకు 40 చిలపలు. అంటే ఒక్క పౌను నూలు పొడుగు 33,600 గజాలు, దగ్గర దగ్గర 30 కిలోమీటర్లు. ఆ దారం అంతా రాట్నం తిప్పి కండెలకు చుట్టింది ఎవరు? మా అమ్మ, మా జేజి, మా పెద్దక్క. మా నాయన మగ్గంలో కూర్చునేవాడు. వారం చివర కూలి లెక్కలో 'ఒక నేతగాడు' అని మా నాయన పేరు ఒకటే ఉండేది. కండెలు లేకుండా మగ్గం ఒక్క జానెడు కూడా నేయదు. అయినా మా అమ్మను ఎవరన్నా "ఏం పని చేస్తావమ్మా" అని అడిగితే, "నేనేం చేస్తా, ఇంట్లోనే ఉంటా" అనేది.

2019-20లో తీసిన నాలుగో చేనేత గణనలో దేశంలో 35 లక్షల పైచిలుకు చేనేత పనివాళ్ళు ఉన్నారని తేలింది. వాళ్ళల్లో నూటికి డెబ్బై మందికి పైగా ఆడవాళ్ళే. లెక్క తీస్తే కనిపించినారు. లెక్క తీయని ఇళ్ళల్లో 'ఇంట్లోనే ఉంటా' అనేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు.

ఇంట్లో కూర్చొని చేసే పనికి కూలి ఎట్లా కడతారయ్యా అని కొందరు అడుగుతారు. దానికి జవాబు మన జిల్లాలోనే ఉంది. వేలూరు, గుడియాత్తం పక్క ఎన్ని ఇళ్ళల్లో చాట ఒళ్ళో పెట్టుకొని బీడీలు చుట్టుతున్నారో చూడండి. 1966లో పార్లమెంటు బీడీ, సిగార్ కార్మికుల చట్టం చేసింది. యజమాని ఆకు, తంబాకు ఇస్తే ఇంట్లో కూర్చొని చుట్టే ఆమెను కూడా ఆ చట్టం కార్మికురాలిగానే లెక్కేసింది. 1976లో వాళ్ళకు సంక్షేమ నిధి చట్టం కూడా వచ్చింది. వాళ్ళ కష్టాలన్నీ తీరినాయని మేము అనడం లేదు. కానీ చాటలో ఆకు ఉంటే అది పని అని చట్టం ఒప్పుకుంది. ఒళ్ళో ఊలు ఉంటే కాలక్షేపం ఎట్లా అయింది? అంతర్జాతీయ కార్మిక సంస్థ 1996లో ఇంటి దగ్గర చేసే పని గురించి 177వ ఒప్పందం చేసింది. మన దేశం దాని మీద ఇంకా సంతకం పెట్టలేదు. ఢిల్లీ సంతకం పెట్టేది పెట్టనీ, మన సంఘం కాగితంలో ఒక వరస రాసేదానికి ఎవరి సంతకం కావాలి?

మన తెలుగువాళ్ళ కథే ఇంకొకటి ఉంది. గోదావరి జిల్లాల్లో నరసాపురం లేసు అల్లిక పేరు విని ఉంటారు. పందొమ్మిదో శతాబ్దంలో మిషనరీలు నేర్పించిన క్రోషా పని అది. అక్కడ అల్లిన లేసులు దేశదేశాలకు పోయాయి. మారియా మీస్ అనే జర్మన్ ఆమె అక్కడికి వచ్చి, ఆ ఆడవాళ్ళ మధ్య తిరిగి, 1982లో ఒక పుస్తకం రాసింది. దాని సారం ఒక్క ముక్కలో చెప్పాలంటే, వ్యాపారం చేసిన మగవాళ్ళకు వ్యాపారి అని పేరు వచ్చింది, గంటల తరబడి అల్లిన ఆడవాళ్ళకు ఇల్లాలు అని పేరు వచ్చింది. ఇల్లాలు ఖాళీ టైములో చేసింది కాబట్టి కూలి తక్కువైనా ఎవరికీ తప్పుగా కనిపించలేదు. ఆ పుస్తకం వచ్చి నలభై ఏళ్ళు దాటింది. మన ఖర్చు కాగితం చూస్తే నిన్న రాసినట్టే ఉంది.

సరే, లెక్క వేద్దాం. గుమాస్తా పని చేసిన చేతులు, ఊరకుండవు. నూరు రోజుల పనికి తమిళనాడులో 2025-26లో రోజు కూలి 336 రూపాయలుగా ఉండేది. ఎనిమిది గంటలకు భాగిస్తే గంటకు 42. సాదా శాలువాకు మా ఇంటామె చేతికి 30 గంటలు పడుతుంది, మేము గడియారం పెట్టి చూశాం. 30 గంటలకు 1,260. దానికి ఊలు, కవరు 400 కలిపితే శాలువా 1,660. ఇరవై అయిదు శాలువాలకు 41,500. మన దగ్గర ఉన్న 10,000కు ఆరు శాలువాలు వస్తాయి. 40 రూపాయలు మిగులుతుంది, టీకి.

ఇక్కడ మీరు అనబోయేది మాకు వినపడుతోంది. "అన్నా, మిషన్ శాలువా అంగట్లో 400కే దొరుకుతుంది కదా?" దొరుకుతుంది. నిజమే. అది కొని కప్పితే పెద్దవాళ్ళకు చలి ఆగుతుంది, తప్పేమీ లేదు. కానీ అప్పుడు ఆహ్వానంలో 'మన సోదరీమణులు చేత్తో అల్లినవి' అని వేయకూడదు. ఆ మాట వేసి గొప్ప చెప్పుకోవాలంటే ఆ చేతుల లెక్క కూడా వేయాలి. చేతి పని గొప్ప కావాలి, ధర మాత్రం మిషన్ ధర కావాలంటే కుదరదు.

రెండో మాట. "ఇది సేవ అన్నా, సేవకు కూలి కడతారా?" ఈ మాట అన్నది మాకు చాలా గౌరవం ఉన్న పెద్దాయనే. సేవను మేము తక్కువ చేయం. కానీ సేవ అని చెప్పాల్సింది చేసేవాళ్ళు. వాళ్ళ బదులు మనం చెప్తే అది సేవ కాదు, వెట్టి. పందిరి వేసేవాడికి డబ్బు ఇస్తున్నాం, మేళం వాళ్ళకు ఇస్తున్నాం, వంటవాళ్ళకు ఇస్తున్నాం. అందరికీ ఇచ్చి, మన ఇంటి ఆడవాళ్ళ దగ్గరికి వచ్చేసరికి మాత్రం భక్తి గుర్తుకొస్తోంది.

మూడో మాట మా ఇంటామె అన్నదే. "డబ్బు మాట వస్తే మాలో మాకు పోటీలు వస్తాయి, నీ కుట్లు వదులు, నా కుట్లు బిగువు అని." ఇది మేము కొట్టిపారేయలేం. రావచ్చు. అందుకే గంటలు ఎవరికి వాళ్ళే రాసుకోకుండా, శాలువాకు ఇంత అని ఒకే రేటు పెడితే మంచిదని ఆమే చెప్పింది.

మా విన్నపం మూడు ముక్కలు. ఒకటి, ఖర్చు కాగితంలో 'అల్లిక కూలి' అని ఒక వరస రాయాలి, శాలువాకు 1,260. రెండు, కూలి అందరి చేతికీ ఇవ్వాలి. వద్దనేవాళ్ళు తమ చేత్తోనే తిరిగి సంఘానికి చందాగా రాసివ్వవచ్చు. అప్పుడు ఆ 1,260 ఆమె పేరు మీద చందా పుస్తకంలో కనిపిస్తుంది. మూడు, తక్కువ పడేది 31,500. మన సంఘంలో 140 కుటుంబాలు ఉన్నాయి. ఇంటికి 225 రూపాయలు. అది కూడా కుదరదంటే, తొంభై దాటినవాళ్ళకు మాత్రం చేతి శాలువా, మిగతా పెద్దవాళ్ళకు మంచి మిషన్ శాలువా. దాంట్లో సిగ్గేమీ లేదు.

పార్శిల్ ఆఫీసులో మేము ఏళ్ళ తరబడి గుడియాత్తం లుంగీ మూటలు తూకం వేసి రసీదు రాశాం. పుస్తకంలో ఎక్కని మూట పోయినా అడిగే దిక్కు ఉండదు. మా అమ్మ చుట్టిన కండెలు ఏ పుస్తకంలోనూ ఎక్కలేదు. ఆమె ఇప్పుడు లేదు, ఎక్కించేదానికి మాకు దారి లేదు. ఈ ఆరుగురూ ఉన్నారు.

మా మొదటి 225 ఆదివారం సమావేశానికి తెస్తాం. ఇరవై ఏళ్ళ కిందటి స్వెటర్ కూలి కూడా ఎంతవుతుందని మా ఇంటామెను అడిగాం. వడ్డీతో కలిపి చెప్తానంది. ఇంకా లెక్క వేస్తా ఉంది.