ముందు మందు, తర్వాతే కాగితం

కర్నూలు జిల్లా కలెక్టర్ గారికి,

హాలహర్వి నుంచి కర్నూలు పెద్దాసుపత్రి వంద కిలోమీటర్ల పైమాటే. అత్యాచారానికి గురైన మనిషికి హెచ్‌ఐవీ సోకకుండా ఇచ్చే మందు 72 గంటల్లోపు మొదలుపెట్టాలి. గర్భం రాకుండా ఇచ్చే మాత్ర కూడా ఎంత తొందరగా వేస్తే అంత మేలు.

‘ముందు స్టేషన్‌కు పోయి రాండి’ అని తిప్పి పంపే హక్కు ఏ ఆసుపత్రికీ లేదు. భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 397వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వమైనా ప్రైవేటైనా వెంటనే, ఉచితంగా వైద్యం చేయాలి. పోలీసులకు తెలియజేయాల్సిందీ ఆసుపత్రే. కాదంటే ఏడాది వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. బాధితురాలికి రెండు వేళ్ల పరీక్ష చేస్తే అది దుష్ప్రవర్తనేనని సుప్రీంకోర్టు 2022లో తేల్చింది. ఇది డాక్టర్లకు కోర్టు చెప్పాల్సి రావడమే విడ్డూరం!

మా పల్లెల జనం గుంటూరు మిరప చేలకు సుగ్గికి, అంటే వలస పనికి, పోతారు. అక్కడ జరిగిన ఘోరానికి ఇక్కడి స్టేషన్‌లోనే జీరో ఎఫ్‌ఐఆర్ రాయించొచ్చని ఎంతమందికి తెలుసు?

హెచ్‌ఐవీ సోకకుండా, గర్భం రాకుండా ఇచ్చే ఆ మందులు మా మండలంలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనే ఉంచండి. ఆదోని ఏరియా ఆసుపత్రిలో రాత్రిపూట కూడా మహిళా డాక్టరు, గడియ పడే గది, ఒంటిమీది బట్టలు సాక్ష్యానికి తీసుకున్నాక కట్టుకోను ఒక జత బట్టలు ఉండేలా చూడండి. బాధిత మహిళలకు సాయపడే సఖి కేంద్రం సిబ్బందిని ఆదోనికే పంపండి, బాధితురాలిని కర్నూలుకు తిప్పకండి.

ఇట్లు,
హాలహర్వి మండల వాసి