పాత వంతెన మీద ముందు నడవనివ్వండి

రాజమహేంద్రవరం దగ్గర గోదావరి మీద నాలుగు వంతెనలున్నాయి. మూడింటి మీద రైళ్లో, బస్సులో, లారీలో రాత్రింబవళ్లు పోతూనే ఉంటాయి. అన్నిటికన్నా ముందు పుట్టిన హేవలాక్ వంతెన ఒక్కటే 1997 నుంచి పనిలేక పడి ఉంది. 2025 జూన్‌లో శంకుస్థాపన జరిగిన అఖండ గోదావరి ప్రాజెక్టులో దీన్ని పర్యాటక ఆకర్షణగా తీర్చిదిద్దుతామన్నారు. తుక్కు కింద అమ్మేస్తారేమోనని ఏళ్ల తరబడి బెంగపడ్డ ఊరికి ఇది మంచి కబురే. కానీ వంతెనను నిలబెట్టడం ఎంత ముఖ్యమో, ఎవరి కోసం నిలబెడుతున్నామో తేల్చుకోవడం అంతే ముఖ్యం. అది ముందు రెండు ఒడ్డుల జనానికి నడకదారి, సైకిల్ దారి కావాలి. విహార స్థలం ముచ్చట ఆ తర్వాతే.

ఎందుకంటే ఈ ఊరి వంతెనలేవీ నడిచేవాళ్లను తలచుకుని కట్టినవి కావు. 1890లలో బెజవాడ నుంచి కటకం దాకా రైలు మార్గం వేసినప్పుడు అది గోదావరి దగ్గర తెగిపోయింది. ప్రయాణికులు ఒక ఒడ్డున రైలు దిగి, నది దాటి, అవతలి ఒడ్డున మళ్లీ రైలెక్కాల్సి వచ్చేది. ఆ తెగిన చోటును కలపడానికే 1897 నవంబరులో వంతెన పని మొదలైంది. కాశీలో గంగ మీద డఫరిన్ వంతెన కట్టిన ఇంజనీరు గ్రాన్‌విల్ వాల్టన్‌కే ఈ పనీ అప్పగించారు. ఒక్కొక్కటి 150 అడుగుల చొప్పున 56 స్పాన్లు, రాతి స్తంభాలు, వాటి మీద ఉక్కు గర్డర్లు, మొత్తం రెండున్నర కిలోమీటర్ల పైచిలుకు పొడవు. ఇంత పనిని మూడేళ్లు నిండకుండానే ముగించి 1900 ఆగస్టులో రైళ్లు నడిపారు. అప్పటి మద్రాసు గవర్నరు పేరు పెట్టారు. దీంతో మద్రాసు, కలకత్తాల మధ్య దారి సుగమమైంది. కానీ ఎదురుగా కనిపించే కొవ్వూరుకు వెళ్లాలంటే రాజమండ్రి మనిషి రైలుకు టికెట్టు కొనాలి, లేదంటే రేవులో లాంచీ కోసం పడిగాపులు కాయాలి. రోడ్డు మీద గోదావరి దాటే భాగ్యం 1974లో రోడ్డు కం రైలు వంతెన వచ్చేదాకా, అంటే మరో ముప్పాతిక శతాబ్దం దాకా, ఊరికి దక్కలేదు.

ఆ తర్వాతి కథా అదే. 1974 నాటి వంతెన మీద రోడ్డు ఇరుకు. భారీ వాహనాల పక్కన నడవడమంటే ప్రాణం అరచేతిలో పెట్టుకోవడమే. మరమ్మతులకు రాకపోకలు ఆపితే రెండు ఊళ్లూ ఇబ్బంది పడతాయి. 1997లో వచ్చిన విల్లు ఆకారపు వంతెన పూర్తిగా రైళ్లది. 2015 పుష్కరాలకు సిద్ధమైన నాలుగోది ఊరికి పైన, దూరప్రయాణాల వాహనాలకు అనువుగా ఉంది. పైగా 2022లో జిల్లాలు విడదీశాక కొవ్వూరు కూడా రాజమహేంద్రవరం కేంద్రంగా ఉన్న తూర్పుగోదావరిలోకి వచ్చింది. ఒకప్పుడు రెండు జిల్లాల మధ్య సరిహద్దుగా ఉన్న నది ఇక్కడ ఇప్పుడు ఒకే జిల్లా నడుమ పారుతోంది. కలెక్టరేటుకు, కాలేజీకి, కొట్టుకు వచ్చేవాళ్లకు సైకిల్ మీద పావుగంటలో దాటే దారి సిద్ధంగా ఉండగా దాన్ని వినోదానికే పరిమితం చేయడం న్యాయం కాదు.

నూట పాతికేళ్లు దాటిన ఇనుము మీదికి జనాన్ని ఎలా వదులుతారన్న ప్రశ్న సహేతుకమైనదే. 2022 అక్టోబరులో గుజరాత్‌లోని మోర్బీలో మరమ్మతుల తర్వాత తెరిచిన వేలాడే వంతెన నాలుగు రోజులకే తెగి 135 మంది చనిపోయారు. అయితే ఆ విషాదం చెప్పే పాఠం పాత వంతెనలను మూసేయమని కాదు, పరీక్ష లేకుండా తెరవొద్దని. రైళ్లు మోయడానికి కట్టిన హేవలాక్ నిర్మాణం వేరు. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కుల వరద వచ్చినప్పుడు కూడా అది నిలిచింది. అప్పటి బలం ఇప్పటికీ ఉందని దీన్నిబట్టి అనుకోకూడదు. ఇన్నేళ్లుగా తుప్పు తన పని తాను చేసుకుపోతోంది. ప్రతి రివెట్టునూ, ప్రతి అతుకునూ, నీటి అడుగున పునాదులనూ నిపుణులు చూడాలి. ఆ నివేదికను జనం ముందు పెట్టాలి. ఒకేసారి ఎంతమందిని అనుమతించాలో దాన్నిబట్టే తేల్చాలి. 2027 పుష్కరాల ముహూర్తానికి ఎలాగైనా తెరవాలన్న తొందర మాత్రం పనికిరాదు.

రెండో అభ్యంతరం డబ్బు. రంగులు వేయాలి, చెక్కలు మార్చాలి, కాపలా పెట్టాలి, టికెట్టు లేకపోతే ఇదంతా ఎలా నడుస్తుందంటారు. రోడ్డు వేసి ప్రతి పాదచారి దగ్గరా రుసుము వసూలు చేయం కదా, ఇదీ అంతే. న్యూయార్క్ రాష్ట్రంలో హడ్సన్ నది మీద 1889లో తెరిచిన పకిప్సీ రైలు వంతెన 1974లో అగ్నిప్రమాదంతో మూతపడింది. దాన్ని 2009లో నడకదారిగా మార్చి, రుసుము లేకుండా అందరికీ తెరిచారు. దాని పొడవు రెండు కిలోమీటర్లే. కొవ్వూరు వైపు, రాజమహేంద్రవరం వైపు చివర్లలో దుకాణాలకు చోటిచ్చి అద్దె తీసుకోవచ్చు, రాత్రి దీపాల ప్రదర్శనకు టికెట్టు పెట్టుకోవచ్చు. దాటే హక్కుకు మాత్రం ధర కట్టకూడదు. రోజూ నడిచేవాళ్లుంటే ఊడిన చెక్కా, వదులైన కమ్మీ మర్నాటికే ఎవరి కంటో పడతాయి, సంరక్షణకు అంతకన్నా చౌక మార్గం లేదు.

ఎండలో రెండున్నర కిలోమీటర్లు ఎవరు నడుస్తారని తీసిపారేయడం కూడా తేలిక. నీడకు కప్పు, మధ్యమధ్య కూర్చునే బల్లలు, తాగునీరు, సైకిళ్లకు విడిగా ఒక వరుస ఏర్పాటు చేస్తే పొద్దున్నే, సాయంత్రమే కాదు, పనిమీద మధ్యాహ్నం వెళ్లేవాళ్లకూ అది పనికొస్తుంది. కాబట్టి ప్రాజెక్టు నమూనాల మీద సంతకాలు పడేముందే మూడు మాటలు రాతపూర్వకంగా రావాలి: ఈ చివరి నుంచి ఆ చివరి దాకా ఎడతెగని దారి ఉంటుందని, దాటడానికి రుసుము ఉండదని, భద్రతా నివేదిక బహిరంగంగా ఉంటుందని. వీటికి ఒప్పుకున్నాక అద్దాల వంతెనలు, హోటళ్లు ఎన్ని పెట్టుకున్నా అభ్యంతరం లేదు.