ప్రేమ విందుకు స్పాన్సర్ ఎందుకు?

ధ్యాన భాగం: ద్వితీయోపదేశకాండము 16:9–17, 1 కొరింథీయులకు 11:17–34



ఈసారి రాస్తున్నది కొందరికి కష్టం కలిగించవచ్చు. కలిగినా రాయక తప్పదు. ముందుగా నా తప్పు ఒప్పుకుని మొదలుపెడతాను.

కిందటి క్రిస్మస్ ఆరాధన అయ్యాక మా సంఘంలోని ఒక అవ్వ నా దగ్గరికి వచ్చింది. కొంగున బియ్యం మూట ఉంది. "అయ్యగారూ, నా బియ్యం వద్దన్నారు. వంట కేటరింగ్ వాళ్ళకు ఇచ్చారంట. మరి నేను ఈ సంఘంలో మనిషిని కానా?" అని అడిగింది. పక్కనున్న పెద్ద ఒకరు నవ్వి, "అవ్వా, నీకెందుకు కష్టం? కూర్చో, బిర్యానీ తిను" అన్నారు. ఆమె తినకుండానే ఇంటికి వెళ్ళిపోయింది. ఆ విందుకు ఒక దాత ముందుకొస్తే సరేనన్నది నేనే. అవ్వ మూటను వెనక్కి పంపినవాళ్ళలో నేనూ ఒకడిని.

అప్పటి నుంచి ఆ ప్రశ్న నన్ను వదలలేదు.

మన అడవి అంచు సంఘాల్లో ప్రేమ విందు ఎలా జరిగేదో పెద్దవాళ్ళకు గుర్తే. పండుగకు నెల ముందు నుంచి ప్రతి ఇంట్లో అమ్మ అన్నం వండేటప్పుడు ఎసట్లో పోసే బియ్యంలోంచి ఒక గుప్పెడు తీసి డబ్బాలో వేసేది. పండుగనాటికి ఆ డబ్బాలన్నీ గుడి దగ్గర ఒకే గోనెసంచిలో పడేవి. సన్నబియ్యం, దొడ్డుబియ్యం, రేషన్ బియ్యం అన్నీ కలిసిపోయేవి. ఒకరు కందిపప్పు, ఒకరు కోడి, ఒకరు చేలో కోసిన పచ్చిమిర్చి తెచ్చేవారు. ఏమీ లేనివాళ్ళు అడవికి పోయి కట్టెలు, అడ్డాకులు తెచ్చేవారు. తెల్లవారకముందే గాడిపొయ్యి వెలిగేది. ఆ అన్నం తింటుంటే ఏ మెతుకు ఎవరిదో చెప్పడం ఎవరివల్లా అయ్యేది కాదు. ప్రేమ విందు అనే పేరు దానికి ఊరికే రాలేదు.

ఇప్పుడేమైంది? ఒకరు విందు ఖర్చు ఇస్తారు. ఇంకొకరు టెంట్లు, సౌండ్ బాక్సులు ఇస్తారు. వారి ఫోటోలు ఫ్లెక్సీ మీదకు ఎక్కుతాయి. వేదిక మీద శాలువాలు కప్పుతాం. కేరల్స్‌కు ట్రాలీ ఆటో మీద బాక్సులు పెట్టుకుని వెళ్ళి, కానుక ఇచ్చే ఇళ్ళ ముందు ఆగుతాం. ఆటో పోని గూడెం ఆ రాత్రి పాట వినదు. ఒకప్పుడు లాంతరు పట్టుకుని, వాగు దాటి, చివరి గుడిసె వరకూ నడిచిన సంఘం మనదే. బంగారు ఉంగరం పెట్టుకున్నవాడికి మంచి చోటు, మాసిన బట్టలవాడికి నేల చూపించే సంఘాన్ని యాకోబు తన పత్రిక రెండో అధ్యాయంలో గద్దించాడు. మనం ఆ అధ్యాయం మీద ప్రసంగం చేసి, అదే సాయంత్రం శాలువాలు కప్పుతున్నాం.

వాక్యం ఏమంటుందో చూడండి. ద్వితీయోపదేశకాండము 16లో వారముల పండుగ గురించి దేవుడు రెండు సంగతులు చెప్పాడు. ఒకటి, దాసుడు, లేవీయుడు, పరదేశి, తండ్రిలేనివాడు, విధవరాలు అందరూ ఆ సంతోషంలో ఉండాలి. రెండు, ఎవరూ వట్టి చేతులతో రాకూడదు, దేవుడిచ్చిన కొలది ఇవ్వాలి. మనం మొదటి మాట పట్టుకుని రెండోది వదిలేశాం. పేదలకు వడ్డిస్తే చాలనుకుంటున్నాం. పేదవాడి చేతిలోది తీసుకోవడం కూడా పండుగలో భాగమని మరిచిపోయాం. సారెపతు విధవరాలి దగ్గర మిగిలింది చేరెడు పిండే. ఏలీయా ఆమె పేదరికం చూసి జాలిపడి వెళ్ళిపోలేదు. ముందు నాకొక చిన్న రొట్టె చేసి తెమ్మన్నాడు. ఇవ్వమని అడగడం ద్వారా ఆమెను గౌరవించాడు. మేము అవ్వకు బిర్యానీ పెట్టాలనుకున్నాం, ఆ గౌరవం మాత్రం ఇవ్వలేకపోయాం.

కొరింథులో జరిగిందీ ఇదే. అక్కడ తిండికి కొరత లేదు. ఉన్నవాళ్ళు ముందే తిని తాగారు, లేనివాళ్ళు ఆకలితో చూస్తూ ఉండిపోయారు. అది ప్రభువు బల్ల కానే కాదని పౌలు తేల్చేశాడు. లేనివారిని సిగ్గుపరిచే విందు ఎంత రుచిగా ఉన్నా సంఘపు విందు కాదు.

మన ప్రాంతానికి ఈ పాఠం కొత్తది కాదు. 1912లో దోర్నకల్ బిషప్ అయిన అజరయ్య గారు ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్. అంతకు రెండేళ్ళ ముందు, 1910లో, ఎడిన్‌బరో మహాసభలో తెల్ల మిషనరీల ముందు నిలబడి ఒక మాట అన్నారు. మీరు ఆస్తులిచ్చారు, ప్రాణాలూ ఇచ్చారు, మాకు మీ స్నేహం కూడా కావాలి అన్నది దాని సారాంశం. నూరేళ్ళు దాటాక మన దాతలతో చెప్పాల్సిందీ అదే. అన్నా, నీ డబ్బు వచ్చింది సరే, నువ్వు కూడా వచ్చి మా పక్కన కూర్చో. ఆయన మాలలు, మాదిగలు ఒకే సంఘంగా ఉండాలని పోరాడారు. కూలి చేసుకునే స్త్రీలు గుప్పెడు బియ్యంతో, కోత పండుగకు తెచ్చిన కోళ్ళతో, గుడ్లతో సంఘాన్ని పోషించారు. మిజోరం స్త్రీలు కూడా 1910 నుంచి ఇదే గుప్పెడుతో సువార్త సేవను నడుపుతున్నారు. పేద సంఘం ఇవ్వలేదన్న మాట అబద్ధమని వాళ్ళు నిరూపించారు.

బంతి భోజనం సంగతి కూడా చెప్పాలి. బంతిలో వలపక్షం కూడదని మన పెద్దలు అన్నారు. ఒకే బంతిలో కోయ దొర, మాదిగ కూలీ, లంబాడా అక్క, ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చి గుడిసె వేసుకున్న గుత్తికోయ తమ్ముడు మోకాలికి మోకాలు తగిలేలా కూర్చునేవారు. 2014లో చింతూరు, కూనవరం, వరరామచంద్రాపురం మండలాలు ఆంధ్రలోకి వెళ్ళి చుట్టాలు రెండు రాష్ట్రాలవారైనా, పండుగకు వచ్చి అదే బంతిలో కూర్చున్నారు. ఇప్పుడు బఫే పెట్టాం. ఎవరి ప్లేటు వాళ్ళు పట్టుకుని ఎవరి గుంపులోకి వాళ్ళు పోతున్నారు. కొందరు పార్సిల్ కట్టించుకుని ఇంటికెళ్ళి తింటున్నారు. ఎవరు ఎవరి పక్కన కూర్చోవడం లేదో బఫేలో బయటపడదు. కులం దాక్కోవడానికి మనమే చోటు చూపించాం.

"అయ్యగారూ, ఈ రోజుల్లో పొగలో ఎవరు నిలబడతారు?" అని అడుగుతారు. 2022 జూలై 16న భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు చేరింది. మూడో ప్రమాద హెచ్చరిక 53 అడుగులకే ఇస్తారు. ఆ రోజుల్లో ఇళ్ళు వదిలి గట్టుకు చేరినవాళ్ళకు మా స్త్రీల సమాజం అన్నం వండింది. ఎన్ని కుంచాల బియ్యానికి ఎన్ని నీళ్ళో, గుండిగ దించడానికి ఎంతమంది కావాలో, ఏ ఇంట్లో పెద్ద గరిట ఉందో వాళ్ళకు తెలుసు. అది పండుగలు నేర్పిన విద్య. పదేళ్ళు కేటరింగ్ తిన్న పిల్లలకు ఆ విద్య రాదు. ఈసారి వరద వస్తే ఏ స్పాన్సర్‌కు ఫోన్ చేస్తాం? ఆ వేళకు సిగ్నల్ ఉంటుందా?

"పేదవాళ్ళ మీద భారం ఎందుకు?" అంటారు. గుప్పెడు భారం కాదు. లెక్కలో లేకుండా పోవడమే భారం. "దాత ప్రేమతో ఇస్తున్నాడు కదా?" అంటారు. నిజమే, ఆయన ప్రేమను నేను శంకించను. ఆ ప్రేమ అందరి బియ్యంతో పాటు గోనెసంచిలో కలవాలి, అంతే. కలవనని పైన తేలితే అది మన ప్రేమ విందును చెరుపుతుంది.

కాబట్టి ఈ ఏడు మా సంఘంలో ఇలా చేయబోతున్నాం. ఆగమన కాలపు మొదటి ఆదివారం ప్రతి ఇంటికీ ఒక డబ్బా ఇస్తాం. ఎక్కువ ఇవ్వగలిగినవారు ఎక్కువే వేయండి, పేరు మాత్రం చదవం. ఫ్లెక్సీ లేదు, శాలువా లేదు. వంట దగ్గర మగవాళ్ళు కూడా నిలబడతారు, వడ్డన యవనస్థులది. కేరల్స్ చివరి గుడిసె దగ్గర మొదలవుతాయి. నేనూ సంఘ పెద్దలూ ఆఖరి బంతిలో తింటాం, ఏమి మిగిలితే అది. కూరలో ఉప్పు ఎక్కువైతే నవ్వుకుని తిందాం.

మొదటి డబ్బా పట్టుకుని నేను ఆ అవ్వ ఇంటికే వెళ్తాను. మొదటి గుప్పెడు ఆమెను అడుగుతాను.

ప్రార్థన: పరలోకపు తండ్రీ, పేదల చేతిలోని గుప్పెడును తోసివేసిన మా గర్వాన్ని క్షమించు. మమ్మల్ని మళ్ళీ ఒకే బంతిలో కూర్చోబెట్టు. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ. ఆమేన్.